జ్వరం లేకుండా ప్లేట్‌లెట్లు తగ్గితే

(బనియాస్‌లో జరిగిన సభ్య కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టరును కాను, సాఫ్ట్‌వేరు మనిషిని. ప్రసాదం కౌంటరు దగ్గర మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. మా చిన్నాయన కోసం చదవాల్సి వచ్చి తెలుసుకున్న సంగతులు ఇవి.

చిన్నాయన గల్ఫ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి జగిత్యాల దగ్గర మా ఊరికి వెళ్ళిపోయారు. చుక్క ముట్టని మనిషి. మూడేళ్ళు వరుసగా రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 90,000 దగ్గరే ఉన్నాయి. ఎప్పుడో వచ్చిన డెంగ్యూ ప్రభావం అనుకున్నాం. చిన్నమ్మ బొప్పాయి ఆకు రసం తాగించింది. ఫోన్లో నేనూ తాగమనే చెప్పాను. ఒక రాత్రి ఆయన రక్తం కక్కుకున్నారు. అప్పుడుగానీ తెలియలేదు, హెపటైటిస్ బి వల్ల లివర్ ఎప్పుడో గట్టిపడిపోయిందని, అది సిర్రోసిస్ అని.

మఫ్రక్ దగ్గర మెయిన్ రోడ్డు మూసుకుంటే బండ్లన్నీ బనియాస్ సందుల్లోకి మళ్ళుతాయి కదా. గట్టిపడిన లివర్‌లోంచి పోలేని రక్తం కూడా అలాగే దారి మళ్ళుతుంది. అన్నవాహికలోని సన్నటి సిరలు ఉబ్బుతాయి, ఒక్కోసారి పగులుతాయి. ఆ ఒత్తిడికే ప్లీహం కూడా ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో పట్టి ఉంచుకుంటుంది. రిపోర్టులో అంకె తగ్గడానికి అదొక ముఖ్య కారణం.

ఎవరికి రక్తస్రావం అవుతుందో ముందే చెప్పగలమా? 1988లో ఉత్తర ఇటలీ వైద్యుల బృందం 321 మందిని గమనించి మూడు విషయాలతో లెక్క కట్టింది: లివర్ ఎంత దెబ్బతిన్నది, సిరలు ఎంత ఉబ్బాయి, వాటి మీద ఎర్రటి చారలు ఉన్నాయా. లెక్క బాగానే ఉంది, కానీ గొంతులోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ చేస్తేగానీ చివరి రెండూ తెలియవు.

నాకు బాగా నచ్చింది 2015 నాటి బవేనో నియమం. బవేనో ఇటలీలోని ఒక ఊరు. ఫైబ్రోస్కాన్‌లో లివర్ గట్టిదనం 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు 1,50,000 పైన ఉంటే, సిర్రోసిస్ ముదరనివారికి ఎండోస్కోపీ వాయిదా వేయవచ్చు. ఏటా ఆ రెండూ మళ్ళీ చూస్తే చాలు. గమనించండి, ఎవరికి రక్తస్రావం అవుతుందో ఇది చెప్పదు, ఎవరు నిశ్చింతగా ఉండవచ్చో చెబుతుంది. మా వృత్తిలో ఈ తేడా పెద్దది. వందమందిలో అయిదుగురికే ప్రమాదం ఉందనుకోండి. "ఎవరికీ ఏమీ కాదు" అని చెప్పే ప్రోగ్రాము కూడా 95 శాతం సరైనదే! ఆ అయిదుగురి ఇళ్ళకు మాత్రం దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. అనవసరంగా చేసిన ఎండోస్కోపీకి పోయేది ఒక పూట, వదిలేసిన సిరకు పోయేది ప్రాణం.

ఐఎన్ఆర్ అంకె చూసి భయపడేవారు, ధీమాగా ఉండేవారు, ఇద్దరూ ఉన్నారు. సిర్రోసిస్‌లో రక్తం గడ్డకట్టించేవీ, గడ్డకట్టకుండా ఆపేవీ రెండూ తగ్గుతాయి. ఐఎన్ఆర్ ఒక వైపే చూపిస్తుంది. దానితో రక్తస్రావాన్ని అంచనా వేయలేం.

90,000 ప్లేట్‌లెట్లతో చిన్నాయన ఆ నియమం దాటేవారు కాదు. ఎండోస్కోపీ చేసేవారు, సిరలకు ముందే బ్యాండు వేసేవారు, లేదా ఒత్తిడి తగ్గించే కార్వెడిలాల్ మాత్ర ఇచ్చేవారు. ఇప్పుడు ఆ రెండూ జరిగాయి. ఆయన బాగున్నారు, బొప్పాయి మాట ఎత్తితే మాత్రం చిన్నమ్మకు కోపం.

జ్వరం లేకుండా నెలల తరబడి ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే లివర్ సంగతి, హెపటైటిస్ బి, సి పరీక్షల సంగతి డాక్టరును అడగండి. సిర్రోసిస్ ఉన్నవారు నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. రక్తపు వాంతి అయినా, తారులాంటి నల్లటి విరేచనం అయినా తెల్లారేదాకా ఆగకుండా 998కి ఫోన్ చేయండి.

పాత రిపోర్టులు పారేయకండి. వాటిలోని అంకెలను తేదీల వారీగా ఒక కాగితం మీద పేర్చడానికి సాయం కావాలంటే నన్ను ప్రసాదం కౌంటరు దగ్గర కలవండి. అర్థం చెప్పడం మాత్రం డాక్టరు పనే.