తల తిరుగుడు – చెవిలోని తూకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో మాటలాడుట వాడుక. నేను తల తిరుగుడును గూర్చి మాటలాడెదనని చెప్పగా మన కార్యదర్శిగారు ఒక క్షణము నా ముఖము వంక చూచి, "అయ్యవారూ, అది ఆసుపత్రి సంగతి కదా!" అన్నారు. నిజమే. కాని ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తవలెనో, పోయి ఏమి చెప్పవలెనో తెలిసియుండుట చదువు సంగతి. ఆ చదువు లేకపోవుట వలన నాకు ఎనిమిది నెలల కాలము, కొంత ధనము, అంతకు మించి ధైర్యము నష్టమైనవి. నా నష్టము మీకు లాభము కావలెనని ఈ విషయమును ఎన్నుకొంటిని.

మూడేండ్ల క్రింద వేసవిలో నేను మా మిద్దె మీద పడుకొనియుంటిని. తెల్లవారుజామున కుడిప్రక్కకు ఒత్తిగిలితిని. అంతే! ఆకాశములోని చుక్కలన్నియు గిర్రున తిరుగసాగినవి. భయపడి లేవబోయితిని, మిద్దె ఒకవైపునకు ఒరిగిపోయినట్లై బోర్లపడితిని. మా మిద్దెకు అప్పటికి పిట్టగోడ లేదు. నేను పడిన చోటికి అంచు మూరెడు దూరము. ఒక్క నిమిషములో ఆ తిరుగుడు తగ్గినది గాని, వాంతియు, చెమటయు, గుండెదడయు చాలసేపు విడువలేదు.

ఇరుగుపొరుగువారు నన్ను క్రిందికి దించినారు. పైత్యమని ఒకరు నిమ్మరసమిచ్చిరి. గాలి సోకినదని ఒకరు దిగదుడిచిరి. పక్షవాతమునకు ఇది మొదలని మరియొకరు మా ఇంటిదానితో రహస్యముగ చెప్పిరి. అందరును ప్రేమతో చెప్పినవారే. పట్నములో చూచిన మొదటి వైద్యుడు మెడ ఎముక అరిగినదని ఫొటో తీయించి, తల కదలింపవద్దని చెప్పి, మాత్రలు వ్రాసియిచ్చెను. ఎనిమిది నెలలు ఆ మాత్రలు మ్రింగుచు, కుడిప్రక్కకు తిరుగక, సైకిలెక్కక, గడప దాటక గడిపితిని. ఈ గ్రంథాలయపు సంతకాల పుస్తకములో ఆ ఎనిమిది నెలలు నా పేరుండదు.

పిమ్మట ఒక చెవి వైద్యురాలు నన్ను కొన్ని ప్రశ్నలడిగినది. "తిరుగునది నీవా, ఇల్లా? ఎంతసేపుండును? ఏ కదలికతో వచ్చును? వినికిడి తగ్గినదా?" అంతట నా తలను కుడికి త్రిప్పి పట్టి, చటాలున వెల్లకిల పరుండబెట్టి నా కన్నులలోనికి చూచినది. లోకము తిరిగినది, నా కనుగ్రుడ్లును కొట్టుకొన్నవట. "కుడి చెవి" అని ఆమె నా తలను క్రమముగా కొన్ని వైపులకు త్రిప్పి కూర్చుండబెట్టినది. పది నిమిషముల పని. మరునాడు నేను కుడిప్రక్కకు తిరిగి పడుకొంటిని.

ఇది మంత్రము కాదు. దీని వెనుకనున్న సంగతిని వివరించెదను.

చెవి వినుటకే యున్నదని మనమనుకొందుము. కాని చెవి లోపలి భాగమున, గట్టి ఎముక నడుమ, దేహమును నిలుకడగా నుంచు తూకపు యంత్రమొకటి యున్నది. దానిలో మూడు చిన్న అర్ధవృత్తాకారపు గొట్టములు, రెండు చిన్న సంచులు ఉన్నవి. గొట్టములలో ద్రవముండును. నీళ్లున్న చెంబును తటాలున త్రిప్పి చూడుడు. చెంబు తిరుగును గాని నీళ్లు వెంటనే తిరుగవు, వెనుకబడును. తల త్రిప్పినపుడు ఈ ద్రవమును అట్లే వెనుకబడి, లోపలనున్న సూక్ష్మమైన కేశములను వంచును. తల ఎటు తిరిగినదో మెదడునకు తెలియును. సంచులలో సున్నపు రాళ్ల వంటి మిక్కిలి చిన్న స్ఫటికములు జిగురుపొర మీద అంటియుండును. తల వంగినదో, నిలిచినదో వాటి బరువును బట్టి తెలియును.

కన్ను, పాదము, చెవి — ఈ మూడింటి సాక్ష్యమును కలిపి మెదడు మనలను నిలబెట్టుచున్నది. మూడు సాక్ష్యములు ఏకమైనంత కాలము మనకు ఆ సంగతియే తోపదు. ఒకటి తప్పు పలికినపుడు లోకమే తిరుగును.

వయసు పెరుగుట చేతనో, తలకు దెబ్బ తగులుట చేతనో, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును కనబడకయో, ఆ స్ఫటికములు కొన్ని ఊడి గొట్టములోనికి జారును. అప్పుడు ప్రక్కకు ఒత్తిగిలినను, పైకి చూచినను, వంగి లేచినను అవి దొర్లి ద్రవమును కదలించును. తల నిలిచినను ద్రవము కదలుచునే యుండును. సాధారణముగ ఒక నిమిషము లోపల ఆగును. వినికిడి చెడదు. నాకు వచ్చినది ఇదియే. చెవి వలన వచ్చు తల తిరుగుళ్లలో ఎక్కువగా కనబడునదియు ఇదియే.

రెండవ రకము చెవి నరము వాచుట. తరచుగా జలుబు, జ్వరము వంటి వాటి తరువాత వచ్చును. ఇందు తిరుగుడు నిమిషములలో పోదు. రేయింబవళ్లు ఉండి, కొన్ని దినములకు గాని తగ్గదు. మూడవది మేనియర్ వ్యాధి. చెవిలో హోరు, దిమ్ము, వినికిడి తగ్గుట, వీటితో కూడ గంటల తరబడి తిరుగుడు వచ్చి పోవుచుండును. దీనికి ఉప్పు తగ్గించుమని వైద్యులు చెప్పుదురు. నాలుగవది మన పల్లెలలో నిర్లక్ష్యము చేయబడునది: చిన్ననాటి నుండి చీము కారు చెవి. ఆ చీము లోపలి ఎముకను తినివేసిన యెడల తూకపు యంత్రమునకే చేటు వచ్చును. చెవిలో చీమున్నవారికి తల తిరిగిన వెంటనే వైద్యునికి చూపవలెను.

అయితే తల తిరుగుడంతయు చెవిది కాదు. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన పడు మన అనంతపురపు నేల మీద, ఎండలో వేరుశెనగ చేనిలో వంగి పని చేయువారికి నీరును ఉప్పును చెమటగా పోయి కన్నులు బైర్లు కమ్మును. అన్నము వేళకు తినక అందరికిని వడ్డించి, మిగిలినది తిను మన ఆడువారికి రక్తహీనత వలన లేచి నిలువగానే చీకట్లు కమ్మును. చక్కెర జబ్బునకు మాత్ర వేసికొని అన్నము తినని వారికిని, రక్తపు పోటుకు మాత్ర ఎక్కువైన వారికిని ఇట్లే యగును. ఇందు లోకము తిరుగదు. తల తేలిపోయినట్లు, సొమ్మసిల్లినట్లుండును. వీరికి కావలసినది నీడ, నీరు, ఉప్పు, ఆహారము, రక్తపరీక్ష. వైద్యునితో "తల తిరుగుచున్నది" అని ఊరకుండక, ఇల్లు తిరుగుచున్నదో, కన్నులు చీకట్లు కమ్ముచున్నవో విడదీసి చెప్పుడు. సగము వైద్యము ఆ మాటలోనే యున్నది.

ఇప్పుడు చెప్పబోవునది దయచేసి అందరును గుర్తుంచుకొనుడు. తల తిరుగుటతో పాటు మూతి వంకర పోయినను, కాలో చేయో పట్టు తప్పినను, మాట ముద్దగా వచ్చినను, ఒకటి రెండుగా కనబడినను, ఎన్నడును లేనంత తలనొప్పి వచ్చినను, పట్టుకొన్నను నిలువలేకపోయినను అది చెవి సంగతి అనుకొనరాదు. మెదడునకు రక్తము అందకపోయి యుండవచ్చును. నిమ్మరసమునకు, దిగదుడుపునకు కాలము వ్యర్థము చేయక తక్షణమే 108కి ఫోను చేయవలెను. గడ్డకట్టిన రక్తమును కరగించు మందు నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసినది. మన ఊరి నుండి ప్రయాణమే ఎంత కాలమగునో మీకు తెలియును. హఠాత్తుగా ఒక చెవి వినబడకపోయినను ఆలస్యము చేయరాదు; త్వరగా మందు పడినవారికే వినికిడి తిరిగి వచ్చు ఆశ ఎక్కువ.

తిరుగుడు వచ్చిన క్షణమున ఏమి చేయవలెను? నిలుచున్నవారు ఉన్నచోటనే కూర్చుండవలెను, పరుగెత్తరాదు. నేలను గట్టిగా తాకి, కదలని వస్తువు నొకదానిని చూచుచుండవలెను. వాంతి వచ్చువారిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. తగ్గిన తరువాత మంచము అంచున కాసేపు కూర్చుండి నెమ్మదిగా లేవవలెను. ఈ జబ్బు ప్రాణము తీయదు గాని, ఈ జబ్బున్న మనిషిని బావి తీసికొనును, మిద్దె తీసికొనును, మోటారు సైకిలు తీసికొనును. కావున తగ్గువరకు చింతచెట్టు ఎక్కరాదు, గోడలేని బావి దరికి పోరాదు, బండి నడుపరాదు. చీకటిలో కన్ను సాక్ష్యమీయదు గనుక రాత్రి పెరటిలోనికి పోవు వృద్ధులకు దీపము, చేతికర్ర తప్పనిసరి. పిట్టగోడ లేని మిద్దెల మీద పడుకొనువారికి నా అనుభవమే హెచ్చరిక.

ఇక చికిత్స. స్ఫటికములు జారిన దానికి మాత్ర కంటె తల త్రిప్పు పద్ధతియే మేలు. కూర్చున్నవాని తలను జబ్బు చెవి వైపునకు సగము త్రిప్పి, తల మంచపు అంచుకు కొంచెము క్రిందికి వాలునట్లు వెల్లకిల పరుండబెట్టుదురు. తిరుగుడు ఆగువరకు నిలిపి, తలను రెండవ వైపునకు త్రిప్పుదురు. మరల ఆగి, దేహమును గూడ ఆ ప్రక్కకే దొర్లించి, ముఖము నేలను చూచునట్లు చేయుదురు. పిమ్మట లేపి కూర్చుండబెట్టుదురు. గింజలను చేటలో ఒక మూలకు చేర్చినట్లు, స్ఫటికములను వాటి సంచిలోనికి చేర్చుట దీని మర్మము. అయితే ఏ చెవియో, ఏ గొట్టమో తెలియక చేయరాదు. మెడనొప్పి ఉన్నవారు వైద్యుని ఎదుటనే చేయించుకొనవలెను. అనంతపురములోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి ముక్కు గొంతు వైద్యులున్నారు. ఈ జబ్బు తిరిగి వచ్చుటయు కలదు. వచ్చినపుడు మరల ఇట్లే సరిచేయవచ్చును.

తల తిరుగకుండుటకిచ్చు మాత్రలు కొలది దినములకు మాత్రమే. నెలల తరబడి మ్రింగిన యెడల మెదడు క్రొత్త తూకము నేర్చుకొనుట ఆలస్యమగును. వాటిలో కొన్నింటి వలన వృద్ధులకు చేతులు వణకుట, నడక బిగుసుకొనుట కూడ కలుగును. నరము వాచినవారు మొదటి కొన్ని దినములు గడచిన పిమ్మట లేచి నడువవలెను. 1940 దశకమున ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనువారు తలకు గాయమై నిలువలేని సైనికులకు కన్నులతో, తలతో, నడకతో చేయు వ్యాయామములు నేర్పి బాగుచేసిరి. చెవి కోల్పోయిన దానిని మెదడు కదలికతోనే నేర్చుకొనును. మంచము మీద నేర్చుకొనదు.

ఈ జ్ఞానము సులభముగ రాలేదు. ఇట్టి తిరుగుడు మెదడున రక్తమెక్కుట వలన వచ్చునని నమ్మి ఐరోపాలో రోగుల రక్తము తీయుచుండిరి. 1861లో పారిస్ నగరమున ప్రాస్పర్ మేనియర్ అను వైద్యుడు ఇది చెవి వ్యాధి కావచ్చునని చెప్పెను. తరువాత వియన్నా నగరములో రాబర్ట్ బారని అను యువవైద్యుడు చెవులను నీటితో కడుగుచుండగా, నీరు చల్లనైనను, వేడియైనను రోగులకు తల తిరుగుట గమనించెను. చల్లని నీటికి కనుగ్రుడ్లు ఒక వైపునకును, వేడి నీటికి రెండవ వైపునకును కొట్టుకొనెను. లోపలి ద్రవము వేడికి, చలికి కదలుచున్నదని ఆయన గ్రహించెను. చిల్లుపడిన చెవిలో చల్లని నీరు గాని, కాచిన నూనె గాని, ఆకు పసరు గాని పోయరాదని నేననుటకు ఇదియు నొక కారణము.

ఆయనకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. అప్పటికాయన మొదటి ప్రపంచయుద్ధమున రష్యావారికి బందీ! 1916లో గాని విడుదల కాలేదు. ఆ 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. ఆ రెండింటికిని సంబంధము లేదు. కాని ఎక్కడో వియన్నాలో ఒకడు కనుగొన్నది ఈ మెట్టచేల నడుమ నున్న మన ఊరికి చేరవలెనన్న దారి గ్రంథాలయమే కదా! స్ఫటికములను త్రిప్పి చేర్చు పద్ధతిని అమెరికాలో జాన్ ఎప్లీ 1992లో ప్రకటించెను. మొదట తోటి వైద్యులే ఆయనను నమ్మలేదు. అది నా మిద్దె దాక వచ్చుటకు ఇంకను ముప్పది యేండ్లు పట్టినది.

ఇరువదియైదు సంవత్సరముల క్రింద బడి వరండాలో ఒక రేకుపెట్టెడు పుస్తకములతో ఆరంభమైన ఈ సంస్థ నేడు సొంత గూడులో నిలిచినది. నాదొక్క విన్నపము. ఆరోగ్య గ్రంథములకు ఒక అర ప్రత్యేకించి, సంవత్సరమున కొక్కసారియైన ఒక వైద్యుని పిలిపించి ఇచ్చటనే మాటలాడింపుడు. మీ ఇంట అవ్వయో తాతయో తల తిరుగుచున్నదని మూల కూర్చున్న యెడల, వయసై పోయినదని ఊరకుండకుడు. నాలుగు ప్రశ్నలు అడుగుడు. బాగుపడదగిన జబ్బుతో మనిషి ఎనిమిది నెలలు గడప లోపల కూర్చుండుట అన్యాయము.