సూది వద్దనే ముందు, సూదికి ఒప్పుకునే ముందు

(బోనకల్‌లో ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం పెట్టిన వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో చదివే మన ఆడపిల్లకు గర్భసంచి మూతి క్యాన్సర్ రాకుండా వేసే టీకా వేయించాలా, వద్దా? దీని మీద వాడలో రెండు మాటలు నడుస్తున్నాయి. "మా పిల్ల, మా ఇష్టం, వేయించం" అనేది ఒకటి. "పెద్ద డాక్టర్లు చెప్పినాక కాదనడానికి మనమెవరం" అనేది రెండోది. ఈ రెండు మాటల్నీ తూకం వేసి చూద్దాం.

ఖమ్మం జిల్లాలో ఈ టీకా పేరెత్తితే జనం జంకుతారు. ఆ జంకుకు కారణం ఉంది. ముందు అది చెప్పుకోవాలి. జరిగింది దాచిపెట్టి "భయపడొద్దు" అంటే ఎవరు నమ్ముతారు?

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన పని ఇది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. మెర్క్ కంపెనీ గార్డాసిల్ టీకాను ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకా వేశారు.

వేసింది ఎవరికి? చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే పిల్లలు. కోయ పిల్లలు, మాల మాదిగ పిల్లలు, కూలీల పిల్లలు. కన్నవాళ్ళు ఊళ్ళో కూలికి పోతే, హాస్టల్లో వరుసగా నిలబెట్టి సూది వేశారు. 2010 మార్చిలో 'సమా' అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్ళు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడితే బయటపడింది ఏమిటంటే, ఏ జబ్బుకు వేశారో కూడా ఎంతోమందికి తెలియదు. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో రాసిన లెక్క వినండి. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అంగీకార పత్రాలు ఉంటే 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. వార్డెన్ అన్నం పెట్టొచ్చు, పాఠం చదివించొచ్చు. కన్నవాళ్ళ బదులు పిల్ల ఒంటి మీద సంతకం పెట్టే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? టీకా తర్వాత ఏమైనా అయితే చూసుకునే ఏర్పాటు సరిగా లేదని, బీమా లేదని కూడా ఆ సంఘం తప్పుపట్టింది. హైదరాబాద్‌లో పెద్ద కాన్వెంటు బడి పిల్లలకు ఇట్లా ప్రిన్సిపాల్ సంతకంతో సూది వేయగలరా? వేయలేరు. మన దగ్గర వేయగలిగారు. అది కులం, అది పేదరికం.

ఇప్పుడు కష్టమైన మాట. ఆ టీకా వేసుకున్న పిల్లల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం చెప్పింది ఇది: ఒక పిల్ల క్వారీ నీళ్ళలో మునిగింది, ఒక పిల్లను పాము కరిచింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒక పిల్ల మలేరియాతో పోయింది. మిగిలిన ఇద్దరి చావుకు కూడా టీకా కారణమై ఉండే అవకాశం తక్కువ.

పాము, మలేరియా, పురుగుల మందు. మన పిల్లల్ని చంపేవి ఇవే. ఈ చావుల మీద నిజంగా కోపం ఉన్నవాళ్ళు హాస్టళ్ళ మీదా, దోమల మీదా, ఆస్పత్రి లేని ఊళ్ళ మీదా కూడా కోపం తెచ్చుకోవాలి. అయితే మొదటి రోజే నిజం చెప్పి, మన ఒప్పుకోలు అడిగి, తర్వాత పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటే ఇంత అనుమానం పుట్టేదా? అనుమానాన్ని పెంచింది వాళ్ళే. దాని నష్టం పడుతున్నది మనం.

రేషన్ డీలరు తూకంలో మోసం చేస్తే ఏం చేస్తాం? డీలరును నిలదీస్తాం. బియ్యం తినడం మానం. ఖమ్మంలో జరిగింది తూకంలో మోసం. బియ్యం సంగతి విడిగా చూడాలి.

ఆ సంగతి చూద్దాం. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఏటా సుమారు లక్షా 27 వేల మంది ఆడవాళ్ళకు ఈ క్యాన్సర్ వస్తోంది. దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు. ప్రపంచంలో ఈ చావులు పదింట తొమ్మిది పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే. దీనికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఆడ మగ కలయికలో అంటుకుంటుంది, ఏళ్ళ తరబడి లోపలే ఉండి, నడివయసులో బయటపడుతుంది. అప్పటికి ఆ అక్క పిల్లలు బడిలోనో, పెళ్ళీడులోనో ఉంటారు. అందుకే వైరస్ తగలకముందే, 9 నుంచి 14 ఏళ్ళ లోపు టీకా వేయమంటారు. పిల్ల నడత మీద అనుమానంతో వేసేది కాదు. తప్పేమీ చేయని ఇల్లాలికి భర్త నుంచి కూడా అంటుతుంది.

టీకా పనిచేస్తుందా? స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా ఆడపిల్లల్ని, స్త్రీలను ఏళ్ళ తరబడి లెక్కగట్టారు. 2020లో ఫలితం అచ్చయింది. 17 ఏళ్ళ లోపు వేసుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువ. అంటే నూరుమందికి రావాల్సిన చోట పన్నెండు మందికి. చేయి నొప్పి, జ్వరం, కళ్ళు తిరగడం ఉంటాయి. అందుకే వేసినాక 15 నిమిషాలు కూర్చోబెట్టాలి. పెద్ద అలర్జీ చాలా అరుదు. "పిల్లలు పుట్టరు" అనే మాటకు ఆధారం లేదు. టీకా వేసుకున్నా 30 ఏళ్ళు దాటినాక పరీక్ష చేయించుకోవాల్సిందే, ఎందుకంటే అది పూర్తి రక్షణ ఇవ్వదు.

మరి "నా ఇష్టం" అనే మాటో? అది మనకు ఊరికే దొరికిన మాట కాదు. వెట్టి చేసినవాళ్ళకు తమ ఒంటి మీద తమకే హక్కు లేదు. 2022 మే 2న సుప్రీంకోర్టు కోవిడ్ టీకా కేసులో ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. టీకా వల్ల వచ్చే ఇబ్బందుల లెక్కలు జనానికి తెలిసేలా పెట్టాలని ప్రభుత్వానికి చెప్పింది. ఇతరుల ఆరోగ్యం కోసం తగిన ఆంక్షలు పెట్టొచ్చని కూడా అదే తీర్పులో ఉంది. ఆ మూడో ముక్కను చాలామంది వదిలేసి చదువుతారు.

తట్టు సంగతి తీసుకోండి. టీకా లేని చోట ఒక్క పిల్ల నుంచి 12 నుంచి 18 మందికి అంటుతుంది. గోడకు గోడ ఆనుకున్న మన ఇళ్ళలో నా ఇష్టం పక్కింటి పసిబిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. క్యాన్సర్ టీకా విషయంలో ముఖ్యంగా నష్టపోయేది నా సొంత బిడ్డే. రెండు చోట్లా ఇష్టం ఒక్కటే, బరువు వేరు.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. దొరగారింట్లో "మేం వేయించం" అంటే వాళ్ళకు కారుంది, హైదరాబాద్ ఆస్పత్రి ఉంది. మన ఆడమనిషికి జబ్బు ముదిరితే కూలి పోతుంది, పుస్తెలు పోతాయి, అప్పు మిగులుతుంది, చివరికి మనిషి పోతుంది. వాళ్ళ ఇష్టానికీ మన ఇష్టానికీ ధర ఒకటి కాదు.

1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగుతో ప్రాణం విడిచింది. ఆ ఏడాదే బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసిన హాఫ్‌కిన్ మొదటి సూది తన ఒంటికే వేసుకున్నాడు. వైద్యం మనకు శత్రువు కాదు. మనల్ని అడగకుండా మన మీద చేసే వైద్యమే శత్రువు.

అందుకని, టీకా వేయడానికి వచ్చినవాళ్ళను నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఇది ఏ టీకా, ఎన్ని మోతాదులు? ఏ జబ్బును ఆపుతుంది, ఏది ఆపదు? రాత్రిపూట పిల్లకు జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఖర్చు ఎవరిది? ఇవన్నీ తెలుగులో రాసిన కాగితం మా చేతికిస్తారా? చదువు రానివాళ్ళకు వాడలో చదువుకున్న పిల్ల గట్టిగా చదివి వినిపించాలి. అర్థమైనాకే వేలిముద్ర. హాస్టల్లో ఉన్న పిల్లకైతే కన్నవాళ్ళను పిలిపించాలి. పిల్లకు కూడా చెప్పాలి, పిల్ల మాట కూడా వినాలి.

జవాబు రాకపోతే వచ్చేదాకా అడుగుదాం. జవాబు వచ్చినాక మాత్రం పుకారు పట్టుకుని కూర్చోవద్దు. ఇప్పుడున్న ఆధారాలు చూస్తే, నా మాట స్పష్టంగా చెబుతున్నాను: ఆడపిల్లకు ఈ టీకా వేయించడమే మేలు. నా మాట నమ్మి వేయించొద్దు. అడిగి, విని, లెక్క చూసి వేయించండి.

2009లో మన పిల్లల్ని ఎవరూ అడగలేదు. ఇకనుంచి అడగకుండా ఎవరూ మన గడపలోకి సూది తేకూడదు. అడిగి తెచ్చిన మంచి మందు మన బిడ్డకు అందకుండా పోకూడదు.

జై భీమ్!