ఫొటో కింద పేరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఆగస్టు 9న మనం పాటలు పాడుకుంటాం, థింసా ఆడుకుంటాం, బోలెడు ఫొటోలు తీసుకుంటాం. ఈసారి ఆ ఫొటోల గురించే నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ఆమధ్య మా పిల్లలను విశాఖపట్నం విహారయాత్రకు తీసుకెళ్లాం. మధ్యాహ్నం భోజనానికి ఒక హోటల్లో ఆగాం. అక్కడ గోడ మీద పెద్ద ఫొటో ఉంది. ముక్కుకు మూడు కమ్ములు, మెడ నిండా పూసలు, ముఖాన పచ్చబొట్లు ఉన్న ఒక ముసలమ్మ నవ్వుతోంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అక్కడే నిలబడిపోయింది. "మేడమ్, మా అవ్వ" అంది. ఫొటో కింద మాత్రం 'గిరిజన మహిళ, అరకు' అని ఉంది. ఆ అవ్వ చనిపోయి అప్పటికి రెండేళ్లు. వాళ్లింట్లో మిగిలింది ఆధార్ కార్డు మీది చిన్న బొమ్మ ఒక్కటే. "పేరెందుకు రాయలేదు మేడమ్?" అని ఆ పిల్ల అడిగింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. గోడ మీది ఫొటోను మా ఫోన్‌లో తీసుకుని వచ్చేశాం.

తర్వాత ఆలోచిస్తే, ఇది కొత్త సంగతి కాదని తెలిసింది. 1857 తిరుగుబాటు తర్వాత, తాము ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలని బ్రిటిష్ ప్రభుత్వం ఫొటోలు తీయించింది. 1868-1875 మధ్య 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో 8 సంపుటాలు అచ్చయ్యాయి. మన ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉండేది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు తెచ్చారు. అందులో గదబలున్నారు, బగతలున్నారు, పోరజలున్నారు, కొండదొరలున్నారు. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు పరికరాలతో కొలిచి లెక్కలు రాసుకున్న మనిషి.

ఆ పుస్తకాలు పనికిరావని మేం అనం. గదబ ఆడవాళ్లు నారతో నేసుకున్న బట్ట గురించి అందులో ఉంది. ఆ నేత మళ్లీ నేర్చుకోవాలనుకునే పిల్లకు అది ఉపయోగమే. కానీ అక్కడ మనిషి తెగకు నమూనా మాత్రమే. ఫలానా ఊరి ఫలానా ఆమె అన్న సంగతి వాళ్లకు అక్కర్లేకపోయింది. పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి, వాళ్ల గురించి 1945లో పుస్తకం తెచ్చిన హైమన్‌డార్ఫ్ ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. ఆ మనుషుల మునిమనవలు తమ పెద్దల ముఖాలను లండన్‌లో వెతుక్కోవాలి!

ఈ పాత చూపును నిలదీసిన కళాకారులు మన కాలంలో ఉన్నారు. బెంగళూరు కళాకారిణి పుష్పమాల, ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నితో కలిసి 2000-2004 మధ్య దక్షిణ భారత స్త్రీల మీద ఒక ఫొటోల వరుస చేశారు. అందులో ఒక ఫొటోలో ఆమే ఆదివాసీ స్త్రీలా వేషం కట్టి, గళ్ల తెర ముందు కొలతలకు నిలబడ్డారు. అది చూస్తుంటే మనకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ ఇబ్బందే ఆమె చెప్పదలచుకున్నది.

ఢిల్లీకి చెందిన గౌరీ గిల్ ఇంకో దారి పట్టారు. మహారాష్ట్రలో రాజేశ్ వాంగడ్ అనే వార్లీ చిత్రకారుడి ఊళ్లో ఆమె ఫొటోలు తీస్తే, వాటి మీదే ఆయన తన బొమ్మలు గీశారు. ఫొటోలో కొండ ఒక్కటే కనిపిస్తుంది. ఆ కొండకున్న కథ ఆయన గీతల్లో కనిపిస్తుంది. ఆ పని ఇద్దరి పేర్ల మీదా ఉంది. 2015 నుంచి ఆమె జవ్హార్ దగ్గర కాగితపు గుజ్జుతో ముసుగులు చేసే ఆదివాసీ కళాకారులతో కూడా పనిచేశారు. దేవతల ముసుగులు చేసే ఆ చేతులు ఈసారి రోజువారీ బతుకు మీద ముసుగులు చేశాయి. ఆ ఫొటోలు 2017లో జర్మనీలో జరిగే డాక్యుమెంటా ప్రదర్శన దాకా వెళ్లాయి.

అయితే వీళ్లిద్దరూ మన తెగల వాళ్లు కాదు. మన పని మనకు మిగిలే ఉంది.

మా తప్పు కూడా చెప్పుకోవాలి. హాస్టల్‌కు ఎవరైనా పెద్దవాళ్లు వస్తే, అన్ని తెగల పిల్లలకూ ఒకే రంగు చీర మోకాళ్ల దాకా కట్టించి, వరుసగా నిలబెట్టి ఫొటో తీయించాం. కువి మాట్లాడే పిల్ల, గుతోబ్ మాట్లాడే పిల్ల, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్ల, అందరూ ఒక్కలాగే కనిపించారు. దారిన పోయే టూరిస్టు వలిసె పూల మధ్య మన పిల్లను నిలబెట్టి తీస్తే కోప్పడతాం. మేం చేసింది మాత్రం వేరా?

అందుకే కిందటి సంక్రాంతి సెలవులకు పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఇంట్లో ఎవరి ఫోన్‌తోనైనా సరే, ఒక్కొక్కరు మూడు ఫొటోలు తేవాలి. తీసేముందు అడగాలి. కింద పేరు, ఊరు, ఇంట్లో మాట్లాడే భాష, ఆ సమయంలో చేస్తున్న పని రాయాలి.

థింసా ఫొటోలే వస్తాయనుకున్నాం. వచ్చినవి వేరు. సిల్వర్ ఓక్ చెట్టెక్కి మిరియాలు కోస్తున్న నాన్న. కాఫీ పళ్లు ఎండబెడుతున్న అమ్మ. చోడి అంబలి తాగుతూ ఫోన్‌లో మనవడితో మాట్లాడుతున్న తాత. ఒక పిల్ల రెండే తెచ్చింది. మూడోది ఏదని అడిగితే, "మా పెద్దమ్మ వద్దంది మేడమ్, అందుకే తియ్యలేదు" అంది. ఆ పిల్లను అందరి ముందూ మెచ్చుకున్నాం. వద్దన్న మనిషి మాట విన్న కెమెరా మాకు అదే మొదటిసారి కనిపించింది.

ఫొటోలన్నీ అచ్చు వేయించి భోజనాల గది గోడకు అంటించాం. హోటల్లో చూసిన ఆ అవ్వ ఫొటో కూడా పెట్టాం. మనవరాలు కింద తన చేత్తో అవ్వ పేరు, ఊరు, భాష రాసింది. చేస్తున్న పని అన్న చోట 'నవ్వుతోంది' అని రాసింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి. ఈ సాయంత్రం ఫొటోలు పెట్టేముందు రెండు పనులు చేయండి. ఆ మనిషిని అడగండి. కింద పేరు, ఊరు రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల ఫొటో తీసి, ఒక ప్రతి అచ్చు వేయించి వాళ్ల చేతికే ఇవ్వండి. కిరిడి, తుడుము వాయించే తాతలు, పచ్చబొట్ల అవ్వలు మనకోసం ఎన్నాళ్లో ఆగరు. వాళ్లెవరో చెప్పగలిగిన వాళ్లం మనమే.

జై ఆదివాసీ!