కొండదారిలో కాఫీ

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయములలో వారమంతయు కంప్యూటర్ల ముందు కూర్చుండు యువజనులు, సెలవుదినమున వీపున సంచులు తగిలించుకొని, నగరమునకు పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న అనంతగిరి కొండలకు బయలుదేరుచున్నారు. నడక మంచిదే. కాని కాఫీ లేనిదే వారికి తెల్లవారదు!

మూడు రాళ్లు పేర్చి, ఎండుపుల్లలు రాజవేసిన చాలునని కొందరు తలంతురు. శ్రోతలారా, అది తగదని మా మనవి. అనంతగిరిది ఆకురాల్చు అడవి. మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి నేలయంతయు ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ చాలును, కొండ అంటుకొనుటకు. రిజర్వు అడవిలో నిప్పు రాజవేయుట చట్టరీత్యా నేరము కూడ.

మరి కాఫీ ఎట్లు? ఇంటియొద్దనే ఫ్లాస్కును వేడినీటితో ఒకసారి తొలిచి, పిదప సలసల కాగిన నీటిని నింపుకొనవలెను. పాలు కలిపి తీసికొనిపోరాదు. గంటల తరబడి వెచ్చగా నున్న పాలు విరిగిపోవును. కాఫీపొడి, పాలపొడి, పంచదార వేరువేరుగా కట్టుకొనుట మేలు. కొండపైన గిన్నెలో రెండు చెంచాల పొడి వేసి, గ్లాసెడు నీరు పోసి, మూతపెట్టి, నాలుగైదు నిమిషములు ఓపికపట్టి, పలుచని గుడ్డతో వడగట్టవలెను. నీరు కొంత చల్లారినదని చింతవలదు. మరుగు నీటికన్న అదియే నయము, చేదు తగ్గును.

పిప్పిని గుడ్డలోనే మూటగట్టి, ఖాళీ పొట్లములతో సహా వెనుకకు తేవలెను. ఏలయన, ఆ కొండలే మూసీనదికి పుట్టినిల్లు. ఆ నీరే దిగివచ్చి, 1920లో ఆనకట్ట ముగిసిన గండిపేట చెరువున చేరును. మనము కొండపై పారవేసినది వానలకు మన త్రాగునీటిలోనే కలియును.