గొర్రెల మందలకు నట్టల బెడద: పంచాయతీలు చేయదగిన పని

(పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచార అధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను రోడ్లను గూర్చిగాని, వీధిదీపములను గూర్చిగాని మాటలాడుటకు రాలేదు. గొర్రె కడుపులోని పురుగును గూర్చి చెప్పవచ్చితిని. ఇంత చిన్న విషయమునకు పంచాయతీ సభ్యులను పిలువవలెనా యని మీలో కొందరు తలపవచ్చును. గత వర్షకాలమున నేను చూచిన యొక సంగతిని ముందుగా మనవి చేసెదను. ఇది పంచాయతీకి సంబంధించిన విషయమో కాదో అటుపిమ్మట మీరే నిర్ణయింపవచ్చును.

ఒక గ్రామమున ఒక వృద్ధ కాపరికి నూటయిరువది గొర్రెలు గలవు. శ్రావణమాసమున మూడు వారములలో పదునాలుగు పిల్లలు, ఐదు తల్లులు చనిపోయినవి. సాయంకాలము మేసి వచ్చిన పిల్ల తెల్లవారునప్పటికి దొడ్డిలో పడియుండెడిది. పారుడు లేదు, దగ్గు లేదు, నోట పుండు లేదు. ఆ మంద ప్రతిదినము ఒక రైతు ప్రత్తిచేని గట్టు ప్రక్కగా చెఱువులోనికి దిగుచుండెను. రైతు ఆ చేనికి పురుగుమందు చల్లియుండెను. వారిద్దరికి పూర్వమే గట్టు తగవు గలదు. ఇంకేమి! విషము పెట్టినాడని కాపరి, అబద్ధమని రైతు. రెండు వాడలు రెండు పక్షములైనవి. పంచాయతీ కూడినది. రైతుచేత నష్టపరిహార మిప్పింపవలెనని పెద్దలు ఇంచుమించు నిశ్చయించిరి. అంతలో ఒక సభ్యురాలు లేచి, “చచ్చిన పిల్లను డాక్టరుగారికి చూపినారా?” అని యడిగినది. ఎవరును చూపలేదు.

మరునాడు పశువైద్యుడు వచ్చి, ఆ వేకువనే చనిపోయిన పిల్లను అందరి యెదుట కోసి, దాని నాల్గవ పొట్టను విప్పి, పళ్లెములోని నీటిలో కడిగెను. సన్నని దారపు ముక్కలవంటి పురుగులు వందలకొలది కదలాడుచుండెను. కాపరి చాలసేపు మాటలాడలేదు. తుదకు రైతువంక తిరిగి చేతులు జోడించెను. ఆ సభ్యురాలు ఆ ప్రశ్న అడుగకున్నచో, నిరపరాధికి శిక్ష పడియుండెడిది. అసలు దొంగ మాత్రము మందలోనే నిలిచియుండెడిది.

పురుగు చేయు నష్టము

మన పల్లెలలో నట్టలని పిలువబడు ఈ పురుగులలో మిక్కిలి క్రూరమైనది రక్తము త్రాగు ఈ పొట్ట పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని హీమాంకస్ అందురు. ఎఱ్ఱదారమును తెల్లదారమును కలిపి పేనినట్లు కనబడును. ఆడ పురుగు రమారమి అంగుళము పొడవుండును. ఒక్కొక్క పురుగు దినమునకు మిల్లీలీటరులో ఇరువదవ వంతు రక్తమును హరించును. అది అల్పమే. కాని గొర్రె కడుపులో వేయి పురుగులున్నచో దినమునకు 50 మిల్లీలీటర్లు, ఇరువది దినములకు ఒక లీటరు రక్తము పోవును. 30 కిలోల గొర్రె శరీరమునగల మొత్తము రక్తము రెండు లీటర్లకు మించదు. ఇక ఆ జీవము ఎట్లు బ్రదుకును?

ఈ పురుగువలన సాధారణముగా పారుడు కలుగదు. పారుడు లేదు గనుక నట్టలు లేవని కాపరులు మోసపోవుచున్నారు. కనురెప్ప లోపలి పొర పాలిపోవుట, దవడక్రింద నీరు దిగి సంచివలె వ్రేలాడుట, నడకలో వెనుకబడుట దీని గుర్తులు. దుర్వాసనతో నీళ్లవలె పారుచున్నచో పొట్ట జలగలను అనుమానింపవలెను. కార్జపు జలగలు కాలేయమును తొలిచి, గొర్రెను నెలలతరబడి కృశింపజేయును.

గ్రీసు దేశమునందును, ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపమునందును గొర్రెలను పాలకొఱకు పెంచి, ఆ పాలతో జున్నుగడ్డలు తయారు చేయుదురు. అచ్చట నట్టలు పెరిగినచో పాలు తగ్గినట్లు కుండలోనే తెలిసిపోవును. మన నెల్లూరు గొర్రె పాలు, దక్కనీ గొర్రె పాలు పిల్లకే విడువబడుచున్నవి. కావున మనకు నష్టము కుండలో కనబడదు. ఎదుగని పిల్లలో, సంతలో తగ్గిన ధరలో కనబడును. 2019 పశుగణన ననుసరించి తెలంగాణమున 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలు గొర్రెలు గలవు. దేశమందలి గొర్రెలలో ఇవి దాదాపు సగము. వీనిపై ఆధారపడిన గొల్ల, కురుమ కుటుంబములలో పెక్కింటికి సెంటు భూమియైనను లేదు. వారికి మందయే మాగాణి.

ఏ మందకు ముప్పు ఎక్కువ?

నట్ట గొర్రె కడుపులో గ్రుడ్లు పెట్టును గాని, ఆ గ్రుడ్లు అచ్చటనే పెరిగి పెద్దవి కావు. పెంటికలతో నేలబడి, తడియు వెచ్చదనమును దొరికినచో వారము దినములలోపుగనే పిల్లపురుగులై, మంచు తడిలో గడ్డిపరకలనెక్కి, మరల గొర్రె నోటబడుటకు కాచుకొనియుండును. ఒక్క ఆడ పురుగు దినమునకు ఐదువేలకు తక్కువగాక గ్రుడ్లు పెట్టును. అట్టివి ఐదువందలున్న యొక గొర్రె, దినమునకు 25 లక్షల గ్రుడ్లను మేతనేలపై చల్లుచున్నది. ఈ సంగతి గ్రహించినచో ముప్పు ఎచ్చట గలదో తేటపడును.

మొదటిది కాలము. మృగశిరలో వానలు పడినది మొదలు స్వాతి, విశాఖలవరకు పిల్లపురుగులకు పండుగ. రెండవది వేళ. తెల్లవారుజామున మంచు ఆరకముందే మంద తోలుట ప్రమాదకరము. మూడవది స్థలము. గడ్డి పొట్టిగానున్నచోట, గొర్రె మూతి నేలనంటి మేయును. పురుగులు పరక మొదట రెండంగుళములలోనే అధికముగానుండును. చెఱువు శిఖములయందు, కాలువ గట్లయందు మఱియొక చిక్కు గలదు. కార్జపు జలగలు, పొట్ట జలగలు నీటి నత్తల శరీరములలో పెరిగి, వెలుపలికి వచ్చి గడ్డినంటుకొనును. నత్తలున్న నీటిమడుగు ప్రక్కనే జలగల ముప్పును గలదని తెలియవలెను.

నాల్గవది జీవము యొక్క స్థితి. పాలు మాని మేతకు దిగిన పిల్లలకు ఇంకను నిరోధశక్తి యుండదు. ఈనుటకు కొంచెము ముందును, ఈనిన పిదప కొన్ని వారములును తల్లి గొర్రెలకును ఆ శక్తి సన్నగిల్లును. అప్పుడవి గ్రుడ్లు ఎక్కువగా విడుచును. తల్లి విడిచిన గ్రుడ్లే పిల్లకు శత్రువులగుచున్నవి. మేత చాలని బక్క గొర్రె కూడ త్వరగా లొంగిపోవును. ఐదవది క్రొత్త జీవములు. సంతలో కొన్న పొట్టేలును నేరుగా మందలో కలిపినచో, దానితోకూడ మందుకు చావని పురుగులను కొని తెచ్చుకొన్నట్లే యగును.

మందు ఉన్నది, వివేకమును కావలెను

1961లో థయాబెండజోల్ అను మందు వెలువడినప్పుడు నట్టల కాలము తీరినదని లోకము సంతోషించినది. కొద్ది యేండ్లకే దానికి లొంగని పురుగులు బయలుదేరినవి. పిమ్మట ఐవర్‌మెక్టిన్ వచ్చినది. దానికి మూలమైన పదార్థమును కనుగొన్న శాస్త్రజ్ఞులకు 2015లో నోబెల్ బహుమానము లభించినది. దానికిని లొంగని పురుగులు నేడు పలుదేశములలో గలవు. పురుగు తనంతట బలపడలేదు. మనమే దానిని బలపరచితిమి. బరువు చూడక కంటి అంచనాతో తక్కువ మోతాదు పోయుట, ఏండ్ల తరబడి ఒకే మందును వాడుట, పొరుగువాడు వేసినాడని పదేపదే వేయుట దీనికి కారణములు.

దక్షిణాఫ్రికాలో ఫమాచా అను పద్ధతి రూపొందినది. గొర్రె క్రింది కనురెప్పను మెల్లగా విప్పి, లోపలి రంగును ఐదు రంగుల పటముతో పోల్చుదురు. ఎఱ్ఱగానున్నదానికి మందు అవసరములేదు; పాలిపోయినదానికి వెంటనే వేయవలెను. మందలోని పురుగులలో అధిక భాగము కొద్ది గొర్రెలలోనే యుండును. వానికి మాత్రమే మందు వేసినచో ఖర్చు తగ్గును. మందుకు లొంగు పురుగులును కొన్ని మిగిలి, లొంగనివాని సంతతిని పలుచన చేయును. వానకాలమున పదునైదు దినములకొకసారి ఇట్లు చూడవలెను.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. గుంపులోని మిక్కిలి బరువైన గొర్రెను తూచి, దానినిబట్టి మోతాదు నిర్ణయింపవలెను. మందు పోయునప్పుడు తలను మిక్కిలి పైకెత్తరాదు. మందు ఊపిరితిత్తులలోనికి పోవును. చూలు కట్టిన తొలి నెలలో ఆల్బెండజోల్ వేయరాదు. మందు వేసిన గొర్రెను వైద్యుడు చెప్పిన గడువు తీరకముందు మాంసమునకు అమ్మరాదు. మందు పనిచేసినదో లేదో తెలియుటకు, వేయుటకు ముందును, వేసిన పది పదునాలుగు దినములకును తాజా పెంటికలను పశువైద్యశాలలో పరీక్ష చేయింపవలెను. గ్రుడ్లు నూటికి 95 పాళ్లు తగ్గనిచో, మందును మార్చు విషయమున వైద్యుని సలహా పొందవలెను.

పంచాయతీ ఏమి చేయగలదు?

కాపరి తన గొర్రెకు మందు వేయగలడు గాని, ఊరి మేతనేలను ఒక్కడే శుభ్రపరచలేడు. పది మందలు మేయు బీడులో ఒక మందకు మాత్రము మందు వేయుట, చిల్లికుండలో నీరు పోయుటయే. రాజ్యాంగము 11వ షెడ్యూలులో పశుసంవర్ధనమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటిగా పేర్కొన్నారు. కావున ఈ క్రింది పనులను మీ యెదుట నుంచుచున్నాను.

ఒకటి: వర్షారంభమునకు ముందే పశువైద్యుని పిలిపించి, ఏ మందు, ఏ దినము అనునది నిర్ణయించి, ఊరి మందలన్నిటికి ఒకే తేదీన మందు వేయించుడు. రెండు: మేతబీడును భాగములుగా గుర్తించి, ఒక భాగమున నాలుగు దినములకు మించి మేపక, నెలకు పైగా విశ్రాంతి నిండు. విశ్రాంతి భాగములో పెద్ద పశువులను మేపవచ్చును. గొర్రె పొట్ట పురుగులు చాలవరకు వానిలో వృద్ధిపొందవు. జలగల విషయమున మాత్రము ఈ ఉపాయము పనికిరాదు. మూడు: జీవములు నీరు త్రాగుటకు తొట్టి కట్టించి, దానిచుట్టు బురద లేకుండ చూచుడు, నత్తల మడుగులకు కంచె వేయించుడు. నాలుగు: కోసిన గొర్రె తలను, ప్రేగులను కుక్కలకు వేయనీయక లోతుగా పూడ్పించుడు. మెదడులో నీటిబుడగ పెరిగి గొర్రె గిరగిర తిరిగి చచ్చు రోగమునకు కుక్క కడుపులోని బద్దెపురుగే మూలము. ఐదు: సంతనుండి వచ్చిన జీవములను రెండు వారములు వేఱుగా నుంచి, పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందు వేయించి కలుపు ఆచారమును నెలకొల్పుడు.

వీనిలో దేనికిని గొప్ప ధనము అక్కరలేదు, కావలసినది కట్టుబాటు. కాపరులను పిలిచి, వారి యనుభవమును విని, పిదప తీర్మానము చేయుడు. ఏ గడ్డి ఎప్పుడు మొలచునో, ఏ మడుగు ఎప్పుడు ఎండునో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. వారు చెప్పక మనము చేసిన తీర్మానము కాగితముపైననే నిలిచిపోవును.

నేను మొదట చెప్పిన గ్రామమున ఈ యేడు జ్యేష్ఠమాసములోనే పంచాయతీ ఈ విషయమై తీర్మానము చేసినది. తీర్మానమును ప్రతిపాదించినది ఆ సభ్యురాలే. బలపరచినది ఆ ప్రత్తిరైతు. తొట్టి కట్టుటకు తన గట్టు ప్రక్కన రెండు గజముల చోటును అతడే విడిచినాడు. మీ గ్రామములందును చావు వచ్చిన పిమ్మట కూడు పంచాయతీకంటె, చావు రాకముందు కూడు పంచాయతీ మేలని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.