గన్నేరాకు చెప్పే లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కెమిస్ట్రీ వాడు మైకు పట్టుకుంటే నిద్రొస్తుందని నాకు తెలుసు. అందుకే ఒక్క గన్నేరాకు గురించే మాట్లాడతాను.

సంక్రాంతి దాటగానే మన కొమురవెల్లికి పట్నం వారం, దాని వెంట లష్కర్ వారం. ఉగాది దాకా ఆదివారం వచ్చిందంటే బస్సులు, కార్లు, ఆటోలు. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరితో ఆగిపోయింది, నిజమే. కానీ టైరు అరిగితే జింకు రాలుతుంది, బ్రేకు అరిగితే రాగి, యాంటిమొనీ రాలతాయి. రోడ్డు పక్క మట్టిలో దిగిన పాత సీసం ఎటూ పోదు, దుమ్ముతో మళ్లీ లేస్తుంది.

కొలిచే యంత్రం వీధికొకటి పెట్టలేం. గన్నేరు మాత్రం వీధి వీధినా ఉంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఆకు అడుగున సన్నని గుంటలు, వాటి నిండా నూగు. అందులో చిక్కిన దుమ్ము తొందరగా రాలదు. ఈ ఆకుతో సీసం, కాడ్మియం, జింకు, రాగి కొలిచిన టర్కీ పరిశోధన 1997లోనే అచ్చయింది. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరంలో చెట్ల మీది నాచును 346 నమూనాలు తీసి పరీక్షిస్తే, కాడ్మియం జాడ రంగుగాజు ఫ్యాక్టరీల దగ్గర తేలింది. 2016లో ఆ సంగతి బయటపడేదాకా చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు తెలియదు. మన పటాన్‌చెరు మట్టిలో భారలోహాలు ఎక్కువున్నాయని ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు లెక్క తేల్చేసరికి నక్కవాగు పక్క పొలాలు చెడి ఏళ్లయింది.

పని కష్టమేమీ కాదు. బస్టాండు, బడి గేటు, ఊరికి దూరంగా ఒక పొలం గట్టు. ఒకే ఎత్తులో, ఒకే వయసు ఆకులు, జాతరకు ముందొకసారి, తర్వాతొకసారి. సగం కడగాలి, సగం అలాగే ఉంచాలి. ఆ రెండింటి తేడాయే పైన పడిన దుమ్ము లెక్క. ఆ నెలల్లో వానలు తక్కువ, అదీ మనకు కలిసొస్తుంది. గాలిలో ఎంతుందో ఆకు చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది.

మన ఊళ్లో ఒక తిరకాసు ఉంది. బండారి. పసుపుకు రంగు రావడానికి లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని 2019లో బంగ్లాదేశ్‌లో తేలింది. మన దగ్గర కలుస్తోందని నేను అనడం లేదు. కానీ ఆకు మీద సీసం కనబడగానే బండ్లనే తిట్టొద్దు. క్రోమియం కూడా పెరిగిందా చూడాలి. పెరిగితే దుకాణాల్లోని పసుపునూ పరీక్షకు పంపాలి. పిల్లలు నుదుట బండారి పెట్టుకుని అదే చేత్తో ప్రసాదం తింటారు. పిల్లల ఒంట్లో సీసానికి ఇంతవరకైతే ఫర్వాలేదనే హద్దు లేదు.

సైన్సు టీచరుగారు ఒప్పుకున్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆకులు కోస్తారు, ఆమ్లంతో చేసే పని ల్యాబుది, ఆ ఖర్చు మా బ్యాచిది. గన్నేరు విషపు చెట్టు, చేతి తొడుగులు లేకుండా ఎవరూ ముట్టొద్దు. గంగిరేగు చెట్టు జోలికి మాత్రం పోవద్దు, అది మొక్కుల చెట్టు. మొదటి కోత పట్నం వారానికి ముందు శుక్రవారం. భోజనాల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాను. ఇంటి ముందు గన్నేరున్న వాళ్లు పేరు రాసి పోండి.