తెర మీది బొమ్మని చూడటం



2020 మార్చిలో కరోనా వల్ల హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం తలుపులు మూతపడ్డాయి. రంజాన్ నెలంతా తెల్లవార్లూ మేలుకునే లాడ్ బజార్ ఆ ఏడు కర్ఫ్యూ చీకట్లో ఉండిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బొమ్మలు మన ఫోన్లలోకి వచ్చాయి. గ్యాలరీలు, కళాసంఘాలు, వాటిలో స్త్రీ చిత్రకారుల సంఘాలు కూడా, ఏటా గోడలకి తగిలించే బొమ్మల్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి.

ప్రదర్శన ఆగిపోకూడదని ఆ స్త్రీల సంఘాలు ఎందుకంత పట్టుదలగా ఉన్నాయో తెలియాలంటే లండన్ సంగతి ఒకటి చెప్పాలి. 1850లలో అక్కడి రాయల్ అకాడమీ బడిలో ఆడవాళ్లని చేర్చుకునేవారు కాదు. అందుకని వాళ్లే ఒక సంఘం పెట్టుకుని 1857లో తొలి ప్రదర్శన జరిపారు. 1860లో లారా హెర్‌ఫర్డ్ అనే ఆమె పూర్తి పేరు బదులు పొడి అక్షరాలు వేసి బొమ్మలు పంపింది. పంపినది మగవాడనుకుని అకాడమీ సీటిచ్చేసింది! తమ బొమ్మలకంటూ ఒక గోడ ఉండాలని ఆ ఆడవాళ్లు పట్టుబట్టింది ఇలాంటి వివక్ష వల్లే.

ఇక మన హైదరాబాద్ సంగతి. ఇక్కడ గ్యాలరీలు ఎక్కువగా బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, మాదాపూర్ వైపే ఉన్నాయి. పాతబస్తీ శాలిబండలో ఇంటిపని తెముల్చుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, బస్సులు మారి బొమ్మలు చూడ్డానికి అంతదూరం వెళ్లగలిగే ఆడవాళ్లెందరు? ఫోన్‌లోకి వచ్చిన ప్రదర్శనని వాళ్లు వంటింట్లో నిలబడి చూడొచ్చు. నాకది చాలా పెద్ద విషయం.

కాకపోతే తెర మీద అన్ని బొమ్మలూ ఒకటే సైజులో కనిపిస్తాయి. అరచేతిలో పట్టేదీ, గోడంతా ఆక్రమించేదీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే బొమ్మ కింద రాసిన కొలత ముందు చదవండి. 36 అంగుళాలని ఉంటే దాదాపు నాలుగు జానలు. లేచి మీ గోడ మీద కొలిచి, ఆ బొమ్మ అక్కడుందనుకుని నాలుగడుగులు వెనక్కి జరగండి. అందులోని మనిషి మీ అంత ఎత్తుంటే ఒకలా పలకరిస్తుంది, గుప్పెడంత ఉంటే మరొకలా.

తెర వల్ల లాభమూ ఉంది. చిత్రకారిణి గౌరి వేముల సిరాతో గీసే బొమ్మల్లో గీతలు వెంట్రుకంత సన్నం. వేళ్లతో పెద్దది చేసి ఒక్క గీత వెంట నడిచి చూడండి. కలం ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తేలిందో తెలుస్తుంది. గ్యాలరీలో అంత దగ్గరికి వెళ్తే కాపలావాళ్లు ఊరుకోరు.

మెరుపు సంగతి వేరు. పాతబస్తీ కార్ఖానాల్లో మఖ్మల్ మీద కుట్టే జర్దోజీ పని ఫొటోలో పసుపు మరకలా ఉంటుంది. బట్ట ఎదురుగా ఉండి మనం తల కదిపితేనే అందులోని జరీ తీగ మెరుస్తుంది. పాలరాయీ అంతే. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న, ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకాని ఫోన్‌లో చూస్తే తెల్లటి స్త్రీమూర్తి, అంతే. ఎదురుగా నిలబడి ఒక పక్కనుంచి ఇంకో పక్కకి నడిస్తే, వెలుతురు మడతల మీద జారి, రాతి ముసుగు వెనక ముఖం ఉందని మన కళ్లు నమ్మేస్తాయి.

ఈ రెబెకా ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలోనే ఒకే సికమోర్ దుంగలో రెండు వైపులా చెక్కిన బొమ్మ ఉంది. ముందు ఒక జర్మన్ కథలోని సైతాను మెఫిస్టోఫిలిస్, వెనక అదే కథలోని మార్గరెటా, తలవంచుకుని. వెనకాల అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. ఫోన్‌లో అయితే ఫొటో తీసినవాడు నిలబడ్డ చోటు నుంచే మనమూ చూడాలి. అక్కడికి వెళ్తే మాత్రం ముందు అద్దంలో ఆమెని, తర్వాత అతన్ని చూడొచ్చు. కథ ఎవరితో మొదలుపెట్టాలో మనిష్టం.

మ్యూజియంకి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో వెళ్లండి. వెళ్లేముందు ఒక్క బొమ్మని ఫోన్‌లో తీరిగ్గా చూసి, అక్కడ నేరుగా దాని దగ్గరికే వెళ్లండి.